మచ్చలు చేపవా, నీటివా?

మా ఇంటి ముందుగదిలో ఒక గాజుతొట్టె ఉన్నది. అందులో ఎనిమిది నల్ల మోలీ చేపలు ఉండేవి. రెండేళ్ల క్రితం ఒక సాయంత్రం మా చిన్నమ్మాయి, "అబ్బా, ఈ చేప గులకరాళ్లకు ఒళ్లు రుద్దుకుంటోంది, చూడండి" అన్నది. చూశాను, నాకేమీ కనిపించలేదు. తోక దగ్గర ఏదో తెల్లగా ఉన్నదని ఆమె పట్టుబట్టడంతో, మా బావమరిది దుబాయి నుండి తెచ్చిన చిన్న డిజిటల్ కెమెరాతో నాలుగు ఫోటోలు తీసి, చేపలు కొన్న దుకాణానికి వెళ్లాను.

ఫోటోల నిండా తెల్ల చుక్కలే. చేప మీద, చేప చుట్టూ, మొక్కల ముందు, అంతటా అవే. దుకాణదారు కెమెరాను అటూ ఇటూ తిప్పి చూసి, "భాయ్, ఇది తెల్లమచ్చల జబ్బో, నీటిలో నలుసులో ఈ ఫోటో చూసి ఎలా చెప్పమంటారు?" అన్నాడు. ఆయన మాటలో తప్పు లేదు. నలుసులేనని నేను నిశ్చయించుకున్నాను. పది రోజులలో మూడు చేపలు చనిపోయాయి.

ఆ చుక్కలు ఎక్కడివో తరువాత అర్థమైంది. చిన్న కెమెరాలలో ఫ్లాష్ లెన్సు పక్కనే ఉంటుంది. అది వెలిగినప్పుడు నీటిలో తేలుతూ మన కంటికి ఆనని ధూళి కూడా మెరిసి, ఆ వెలుగు నేరుగా లెన్సులోకి తిరిగి వస్తుంది. తొట్టె గాజు కూడా అదే పని చేస్తుంది. ఫోటో మధ్యలో తెల్లని మంటలాంటి మరక పడుతుంది. కనుక మొట్టమొదట చేయవలసినది మెరుపు గుర్తు ఉన్న మీట నొక్కి ఫ్లాష్‌ను ఆపివేయడమే. చవక కెమెరా అని దానిని నిందించినవారిలో నేనూ ఒకడిని. దోషం కెమెరాది కాదు, వెలుగు వచ్చే దిక్కుది.

వెలుగు పైనుండి రావాలి. తొట్టె మూతలోని దీపం వెలిగించి, గదిలోని దీపాలూ టీవీ ఆపి, కిటికీ తెరలు వేయండి. మన వైపు చీకటిగా ఉంటే గాజులో మన నీడలు కనిపించవు. అయినా కెమెరా అంచులు మెరుస్తుంటే మా అమ్మాయి తన నల్ల దుపట్టాను కెమెరా చుట్టూ కప్పుతుంది; దానికి మించిన ఉపకరణం మాకు ఇంతవరకు దొరకలేదు. వెలుగు చాలలేదని మాత్రం టేబుల్ దీపాన్ని తొట్టె మీద నిలబెట్టకండి. అది నీళ్లలో జారిపడితే ప్రాణాల మీదికి వస్తుంది.

గాజును సబ్బుతో కడగరాదు, అది చేపలకు హాని. తడిపిన మెత్తని గుడ్డతో లోపలా బయటా తుడిచి, కదిలిన మడ్డి అడుగుకు చేరేవరకు ఆగండి. మేత వేయకముందే ఫోటో తీయండి; వేశాక చేపలు ముందుకు వస్తాయి గాని, నీరంతా మేత పొడి అవుతుంది. గాజు మీద వేలితో తట్టి పిలవవద్దు. బెదిరిన చేప మూల వదలదు.

కెమెరా గాజుకు ఎదురుగా, నిటారుగా ఉండాలి. పక్కనుండి తీస్తే వెలుగు నీటినుండి గాలిలోకి వచ్చేటప్పుడు ఏటవాలుగా వంగి, చేప అంచులు చెదురుతాయి. వెయ్యేళ్ల క్రితం బస్రాలో పుట్టి కైరోలో జీవించిన ఇబ్నుల్ హైసమ్ తన 'కితాబుల్ మనాజిర్'లో చివరిదైన ఏడవ భాగాన్ని ఈ వక్రీభవనానికే కేటాయించారు.

పువ్వు గుర్తును ఎంచుకుంటే కెమెరా దగ్గరి వస్తువులను పట్టుకుంటుంది. జూమ్ వాడకండి. చేపను వెంటాడితే మాత్రం ఏ గుర్తూ ఆదుకోదు. మీట నొక్కిన తరువాత ఫోటో పడేలోగా అది వెళ్లిపోతుంది. చేపలు తిరిగిన దారినే తిరుగుతాయి. ఆ దారిలోని ఒక ఆకు మీద మీటను సగం నొక్కి ఫోకస్ నిలిపి, అలాగే పట్టుకుని, చేప అక్కడికి వచ్చినప్పుడు పూర్తిగా నొక్కండి. నలభై తీస్తే రెండు కుదురుతాయి. ఫిల్ము ఖర్చు లేదు కదా.

ఆ మూడు చేపల తరువాత మేము నేర్చుకున్న అసలు సంగతి వేరే ఉన్నది. ఒకే చేపను వెంటవెంటనే నాలుగైదు సార్లు తీయాలి. ఒక ఫోటోలో రెక్క మీద, మరొక దానిలో పొట్ట దగ్గర కనిపించే చుక్క నీటిలోనిది. అన్నింటిలో ఒకే రెక్క మీద, ఒకే చోట ఉన్న చుక్క చేప ఒంటి మీదిదే.

కొన్ని నెలల క్రితం మా అమ్మాయి మళ్లీ పిలిచింది. ఈసారి ఫోటోను పెద్దది చేసి చూస్తే తోక మొదట్లో ఉప్పు రవ్వల వంటి మూడు మచ్చలు. తరువాతి ఫోటోలోనూ అక్కడే. దుకాణదారు చూడగానే తెల్లమచ్చల జబ్బు అన్నాడు. మందు ఒక్క చేపకు కాదు, తొట్టె అంతటికీ వేయించాడు. చర్మంలో దాగిన పరాన్నజీవిని మందు తాకలేదట. అది చేపను విడిచి, అడుగున వందలుగా విభజన చెంది, కొత్త చేప కోసం ఈదేటప్పుడే చస్తుంది. అందుకే మచ్చలు మాయమైన తరువాత కూడా కొన్నాళ్లు మందు కొనసాగించాము. ఐదింటిలో నాలుగు నిలిచాయి.

ఇప్పుడు ప్రతి ఆదివారం సాయంత్రం మా అమ్మాయి నాలుగింటికీ రెండు పక్కలా ఫోటోలు తీసి, తేదీ వేసి దాస్తుంది. ఆరోగ్యంగా ఉన్నప్పటి ఫోటో పక్కన పెట్టి చూస్తేనే కొత్త మచ్చ తెలుస్తుందట.