దూది మీద నడక

మా ఆదివారం తెలుగు తరగతిలో హైస్కూలు పిల్లలు నలుగురున్నారు. కిందటి వారం వాళ్ళకి అలంకారాలు మొదలుపెట్టాను. పావుగంట కాకముందే ఒకమ్మాయి తేల్చేసింది: "అంకుల్, 'లా' గానీ 'వలె' గానీ ఉంటే ఉపమ. అంతేగా?"

అంతే అయితే బాగుండును. 'అమ్మ చెప్పినట్లు చేశాను' అంటే అందులో 'నట్లు' ఉంది, పోలిక లేదు. మాటని బట్టి అలంకారాన్ని పట్టుకోబోతే ఇలాగే జారిపోతుంది.

ముందు చేయాల్సిన పని ఒకటుంది. వాక్యాన్ని ఉన్నదున్నట్టుగా అర్థం చేసుకోవడానికి చూడాలి. కుదిరితే అక్కడే ఆగాలి. కుదరకపోతేనే ఇంకో అర్థం వెతకాలి. 11వ శతాబ్దంలో కాశ్మీర పండితుడు మమ్మటుడు 'కావ్యప్రకాశం'లో లక్షణకి చెప్పిన షరతులు ఇవే: అసలు అర్థానికి అడ్డు రావాలి, కొత్త అర్థానికి దానితో సంబంధం ఉండాలి, అలా అనడానికి వాడుక గానీ ప్రయోజనం గానీ ఉండాలి. 'ఊరంతా పెళ్ళికొచ్చింది' అంటాం. ఊరు లేచి రాదు కదా, వచ్చింది ఊళ్ళోవాళ్ళు. 'నీకోసం కళ్ళు కాయలు కాశాయి' అని మా అమ్మ ఫోన్లో అంటే మా అమ్మాయి కంగారుపడి, "నానమ్మ కళ్ళకేమైంది నాన్నా?" అని అడిగింది. అర్థం కుదరడం లేదని దానికి తెలిసింది. వాడుక తెలియదు, అంతే.

ఆ తర్వాతే అలంకారాల పేర్లు. ఆ రోజు కిటికీలోంచి మంచు కనిపిస్తోంది కాబట్టి దాన్నే తీసుకున్నాం.

'మంచు దూదిలా తెల్లగా ఉంది.' ఇది ఉపమ. మంచు, దూది, 'లా', తెల్లదనం నాలుగూ ఉన్నాయి కనుక పూర్ణోపమ. మంచు మంచే, దూది దూదే. పక్కపక్కన నిలబెట్టి చూపించామంతే.

'మంచు దూదిపరుపు మీద ఊరు నిద్రపోతోంది.' ఇక్కడ పోలిక మాట పోయింది. మంచే దూదిపరుపు అన్నాం. ఇది రూపకం.

'పొద్దున్నే తలుపు తీస్తే గుమ్మం ముందంతా దూదే!' ఇప్పుడు మంచు అన్న మాటే లేదు. దూది దాన్ని మింగేసింది. ఇది అతిశయోక్తిలో ఒక రకం, రూపకాతిశయోక్తి. గొప్పలు చెప్పడమే అతిశయోక్తి అనుకుంటే దీన్ని గుర్తుపట్టలేం.

పిల్లలు తికమకపడింది ఉత్ప్రేక్ష దగ్గర. రెండు వాక్యాలు రాసి చూపించాను. 'పరుపులు కుట్టేవాళ్ళు దూది ఆరబోసినట్టు మంచు పరుచుకుంది.' 'ఆకాశం దూది ఆరబోసినట్టు మంచు పరుచుకుంది.' రెండింట్లోనూ 'నట్టు' ఉంది. మొదటిది లోకంలో జరిగే పని, ఎవరైనా చూసి ఉండొచ్చు, కాబట్టి ఉపమ. రెండోది లోకంలో లేదు, చెప్పేవాడు ఊహించాడు, కాబట్టి ఉత్ప్రేక్ష. పోల్చినది లోకంలో ఉందా, ఊహలోనే ఉందా అని అడిగితే చాలాసార్లు తేలిపోతుంది.

ఇదంతా పిల్లలకి చెబుతున్నప్పుడు నాకు గుర్తొచ్చినది మాత్రం వాళ్ళకి చెప్పలేదు.

రెండేళ్ళ కిందట ఒక రోజు అమ్మ ఫోన్లో అంది: "ఈమధ్య దూది మీద నడుస్తున్నట్టుందిరా. పాదాలు నావి కానట్టున్నాయి."

ఎంత బాగా చెప్పిందీ అనుకున్నాను. ఉత్ప్రేక్ష అనుకున్నాను. అమ్మకి మొదట్నుంచీ మాటల చమత్కారం ఎక్కువ. ఫోన్ పెట్టేసి, ఎప్పుడైనా పనికొస్తుందని ఆ రెండు వాక్యాలూ నోటుబుక్కులో రాసుకున్నాను కూడా. పాదాలకి ఏమైందని మాత్రం అడగలేదు.

రెండు నెలల తర్వాత తమ్ముడు ఫోన్ చేశాడు. అమ్మ పాదం అడుగున పుండు. ఎప్పుడు గుచ్చుకుందో ఆవిడకే తెలియదు. షుగరు వల్ల నరాలు దెబ్బతింటే పాదాలకి స్పర్శ తగ్గుతుందని, దూది మీద నడుస్తున్నట్టుందని చాలామంది చెబుతారని డాక్టరు అన్నాడట. అమ్మ కల్పించిందేమీ లేదు. ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పడానికి తనకి దొరికిన మాట అదొక్కటే.

దండి 'కావ్యాదర్శం'లో అర్థాలంకారాలన్నిటికంటే ముందు స్వభావోక్తిని చెప్పాడు. ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పడం. కుంతకుడు ఒప్పుకోలేదు. వస్తువు స్వభావం అలంకరించవలసినదే కానీ తానే అలంకారం ఎలా అవుతుందని ఆయన వాదన. చదువుకునే రోజుల్లో నేను కుంతకుడి వైపు. ఇప్పుడంత ధీమాగా చెప్పలేను.

అమ్మ పాదం మానింది. ఇప్పుడు రోజూ రాత్రి అద్దం పెట్టుకుని అరికాళ్ళు చూసుకుంటుంది. నేనూ వారానికోసారి వీడియోలో చూపించమంటాను. "నా కాళ్ళలో ఏ కావ్యం ఉందనిరా!" అని విసుక్కుంటుంది.

పై ఆదివారం పిల్లలకి ఇంటిపని ఇచ్చాను. ఇంట్లో పెద్దవాళ్ళు అనే మాటల్లో 'లా', 'నట్టు' ఉన్నవి ఐదు రాసుకు రమ్మన్నాను. అలంకారం పేరు రాసే ముందు, ఆ మాట ఎందుకన్నారో వాళ్ళనే అడిగి రమ్మన్నాను. మీరూ ప్రయత్నించి చూడండి.