రొదకీ ఓ లెక్కుంది!
మెటల్ గిటారంటే చెవులు చిల్లులుపడే రొదేనా? ఆ రొదకీ ఓ లెక్కుంది. గిటార్ సిగ్నల్‌ని ప్రీయాంప్‌లోని వాల్వులు ఒకదాని తర్వాత ఒకటి పెంచుకుంటూ పోతాయి. మోయలేనంత అయ్యాక తరంగం కొసలు తెగిపోతాయి. ఆ గరగర పుట్టేది అక్కడే.

1981లో వచ్చిన మార్షల్ జేసీఎం 800లో గెయిన్ కాస్త తక్కువే. అందుకే చాలామంది దానిముందు ఓ పెడల్ తగిలిస్తారు. 1986 నాటి 'మాస్టర్ ఆఫ్ పపెట్స్'కి మెటాలికా వాడిన మీసా బూగీది కత్తిలాంటి పదును. ఎడీ వ్యాన్ హాలెన్‌తో కలిసి పీవీ 1990ల్లో తెచ్చిన 5150లో గెయిన్‌కి కొదవే లేదు.

కొత్తవాళ్లు బోల్తాపడేదీ అక్కడే! గెయిన్ మొత్తం తిప్పి ఒంటరిగా వాయిస్తే అదిరిపోతుంది. డ్రమ్స్, బేస్ తోడైతే ఏ స్వరమూ తేలదు. కొనేముందు గెయిన్ సగానికి తగ్గించి వాయించండి. అప్పుడూ తీగ తీగా విడిగా పలికితే... డబ్బులు దండగ కానట్టే!