రమ్ము తీసేసినా పాట మిగలాలి

పాట పేరు పెట్టినంత మాత్రాన పానీయం పాటైపోదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నా. ఈమధ్య కొన్ని బార్లలో మెనూ తెరిస్తే సినిమా పాటల పేర్లు తగిలించిన కాక్‌టెయిళ్ళు కనిపిస్తున్నాయి. ఆర్డరిస్తే వచ్చేది కాస్త రంగు సిరప్పూ, గ్లాసు నిండా ఐసూ, అడుగున ఇంత రమ్మూ. సదరు పాటకీ దీనికీ సంబంధం ఏమిటయ్యా అంటే పేరొక్కటే. వేరియబుల్ పేరు మార్చితే లోపలున్న వేల్యూ మారదని మనబోటి వాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు కదా :)

మాది కోనసీమ, అంబాజీపేట దగ్గర. ఉద్యోగం హైదరాబాదులో. నచ్చిన పాట వింటూ, ఇది గ్లాసులోకి దిగితే ఎలా ఉంటుందా అని ఆలోచించి కలుపుకోవడం కొన్నేళ్ళుగా నాకున్న సరదా. దీనికి నేను పెట్టుకున్న నియమం ఒక్కటే. కలిపిన దాంట్లోంచి రమ్ము తీసేసినా ఆ పాట గుర్తుకు రావాలి. రాకపోతే అది పాట కాదు, ముసుగేసుకున్న పెగ్గు.

ఎందుకింత పట్టింపు అంటారా? రమ్ముకీ పాటకీ చుట్టరికం చాలా పాతది. ఆ చుట్టరికంలో పాటే ఎక్కువసార్లు మోసపోయింది.

ట్రినిడాడ్‌లో లార్డ్ ఇన్వేడర్ అనే కలిప్సో గాయకుడు ఉండేవాడు. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో అక్కడ అమెరికా సైనికులు దిగాక, వాళ్ళ డాలర్లు ఊళ్ళో కాపురాల్ని ఏం చేశాయో వెటకారంగా పాట కట్టాడు. అది అమెరికా చేరి, 'రమ్ అండ్ కోకా-కోలా' పేరుతో ఆండ్రూస్ సిస్టర్స్ గొంతులో 1945లో పెద్ద హిట్టయింది. పాట కాపీ కొట్టారని కోర్టుకెక్కితే తీర్పులు అసలువాళ్ళ పక్షానే వచ్చాయి. అయితేనేం, జనానికి గుర్తున్నది మాత్రం రమ్మూ కోలానే. అందులో ఉన్న ఊరి బాధ మాయమైపోయింది.

ఇంకోటి. ప్యూర్టోరికోలో రమ్ము, కొబ్బరి మీగడ, అనాస కలిపి చేసే పీన్యా కొలాడాని 1978లో అక్కడి ప్రభుత్వం అధికారిక పానీయంగా ప్రకటించింది. మరుసటేడే రూపర్ట్ హోమ్స్ పాటలో ఆ పేరు పడి ప్రపంచమంతా తిరిగింది. తమాషా ఏంటంటే, మొదట రాసుకున్నప్పుడు ఆ చోట ఉన్నది హంఫ్రీ బోగార్ట్ అనే నటుడి పేరట! అంటే పానీయం అక్కడికి బాణీలో ఖాళీ పూరించడానికి వచ్చిందన్నమాట. కొబ్బరి, నిమ్మ, చెరకు అన్నీ ఇంటి చుట్టూ ఉన్న కోనసీమ వాళ్ళం, అంతకన్నా బాగా చెయ్యలేమా?

ఇహ మన సంగతికి వద్దాం. మన సినిమా మనకి తాగుడంటే ఏడుపని నేర్పింది. మన ఊళ్ళు తాగుడంటే కోటరని నేర్పాయి. సంక్రాంతికి అందరం ఊరొస్తాం. కనుమ నాడు జగ్గన్నతోటలో ఏకాదశ రుద్రుల ప్రభలు చూసొస్తాం. సాయంత్రానికి మగాళ్ళు కొబ్బరితోటలోకీ ఆడాళ్ళు వంటింట్లోకీ చీలిపోతారు. "ఏం బావా, కోటరుందా?" అంటే "ఆయ్, ఉందండీ" అని తోటలో మూత విప్పుతారు. తాగనివాడు అటూ ఇటూ కాకుండా అరుగు మీద ఫోన్ చూసుకుంటూ కూర్చుంటాడు. ఏడాదికోసారి కలిసే కుటుంబం సరిగ్గా మాట్లాడుకోవాల్సిన టైములో రెండు ముక్కలవుతుంది. నా గొడవంతా దాని గురించే.

ఒక లెక్క చూడండి. కోటరు అంటే 180 మి.లీ. మన దగ్గర రమ్ములో ఆల్కహాలు మామూలుగా 42.8 శాతం. అంటే కోటరులో 77 మి.లీ. శుద్ధ ఆల్కహాలు. నేను ఒక గ్లాసులో వాడేది 30 మి.లీ. రమ్ము, అంటే దాదాపు 13 మి.లీ. ఆల్కహాలు. కోటరులో ఆరో వంతు. దాన్ని పాట ఉన్నంతసేపూ, ఆ తర్వాత కబుర్లున్నంతసేపూ తాగుతా. రెండో గ్లాసు రమ్ము లేకుండానే. ఇందులో ఆరోగ్యం ఉందని నేననను. ఫలానా మోతాదు వరకూ ప్రమాదం లేదని చెప్పలేమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లోనే చెప్పింది. కొబ్బరినీళ్ళు కలిపితే ఆల్కహాలు విరిగిపోతుందనేది కూడా వట్టి మాటే.

సరే, మూడు పాటలు, మూడు గ్లాసులు.

మొదటిది 'దేవదాసు' (1953). తాగుబోతు పాట అనగానే ఎవరికైనా గుర్తొచ్చే సినిమా. సుబ్బరామన్ సంగీతం, ఘంటసాల గొంతు. సినిమా రాకముందే, 1952లో, సుబ్బరామన్ పోయారు. దీనికి నేను రమ్ము అస్సలు వాడను. ఎందుకంటే ఆ మత్తు కళ్ళ కోసం అక్కినేని రాత్రిపూట కడుపునిండా పెరుగన్నం తిని షూటింగు చేశారన్నది చాలామందికి తెలిసిన సంగతే. తెలుగువాడి గుండెలో నిలిచిపోయిన తాగుబోతుని తయారుచేసింది పెరుగన్నం! కాబట్టి దేవదాసు గ్లాసంటే పల్చటి మజ్జిగ, దంచిన అల్లం, నలిపిన దబ్బాకు, ఉప్పు. ఐసు వెయ్యకూడదు, పంచదార అంతకన్నా వద్దు. పులుపు గొంతులో కాస్త ఆగి దిగుతుంది, అచ్చం ఆ పాటల్లో విరుపులాగే.

రెండోది 'మూగమనసులు' (1964). మహదేవన్ బాణీలు, పడవ నడిపే అక్కినేని, గోదావరి. ఆ పాటల్లో తొందరుండదు, తెడ్డు వేసినట్టు ఒక ఊపు ఉంటుంది. పొడుగు గ్లాసులో లేత బొండం నీళ్ళు 150 మి.లీ., తెల్ల రమ్ము 30 మి.లీ., అరచెక్క నిమ్మరసం, చిటికెడు ఉప్పు. నల్ల రమ్ము పొయ్యకండి, బొండం రుచిని మింగేస్తుంది. దొరికితే గంగబొండం కాయ కొట్టించండి. మామూలు ఐసు వేస్తే చప్పబడిపోతుంది కాబట్టి ముందురోజే కొన్ని కొబ్బరినీళ్ళు ఐసు ట్రేలో గడ్డకట్టించి అవే వెయ్యండి. ఉప్పెందుకంటారా, వశిష్ఠ అంతర్వేది దగ్గర సముద్రంలో కలుస్తుంది కదా. తియ్యటి నీళ్ళ ప్రయాణం చివర ఉప్పదనం లేకపోతే ఆ కథా లేదు, ఆ గ్లాసూ లేదు. ఇప్పుడు రమ్ము తీసెయ్యండి. నది ఉంది, ఉప్పు ఉంది, ఊపు ఉంది. పాట పాసైంది.

మూడోది 'ప్రేమించు పెళ్ళాడు' (1985)లోని గోదారి పాట. వంశీ, ఇళయరాజా, వేటూరి ముగ్గురూ కలిసిన చోట కొంచెం కారం, కొంచెం అల్లరి ఉండాలి. బెల్లం, నీళ్ళు సమానంగా మరిగించి, వడకట్టి చల్లార్చిన పాకం 15 మి.లీ., నిమ్మరసం 20 మి.లీ., రెండు చక్రాలు దంచిన అల్లం, నల్ల రమ్ము 30 మి.లీ., ఐసుతో గట్టిగా గిలక్కొట్టి వడకట్టాలి. క్యూబావాళ్ళ డైకిరీకి ఇది మేనత్త కూతురు. రమ్ము పుట్టేది పంచదార తీయగా మిగిలిన మొలాసిస్ నుంచి, బెల్లం చెరకు రసం నుంచి. ఒకే ఇంటి అన్నదమ్ములు, అందుకే అంతలా కలిసిపోతారు. రమ్ము వద్దంటే అల్లం రెట్టింపు చేసి సోడా పొయ్యండి. అన్నట్టు, ఇందులో మిరియాలూ ఏలకులూ కావాలనే వెయ్యను. అవి పడితే శ్రీరామనవమి పానకం అయిపోతుంది. దేవుడి దగ్గర పెట్టే దాంతో ప్రయోగాలు నాకిష్టం లేదు. అన్నిటినీ ఫ్యూజన్ చెయ్యక్కర్లేదు.

ఇక్కడ రెండు అభ్యంతరాలు వస్తాయని తెలుసు.

ఒకటి, రమ్ము మనది కాదు కదా, ఈ పోకడలెందుకు అని. పందొమ్మిదో శతాబ్దంలో మన తీరం వాళ్ళు కోరంగి రేవు నుంచి మారిషస్ చెరకు తోటలకి కూలీలుగా వెళ్ళారు. వాళ్ళ మనవలూ మునిమనవలూ ఇప్పటికీ అక్కడ ఉగాది చేసుకుంటున్నారు. చెరకు కథలో మన చెమట కూడా ఉంది. కాబట్టి మరీ అంత పరాయిదేం కాదు.

రెండోది అసలైనది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డ రాష్ట్రం ఇది. ఆ పోరాటం వల్లే 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో ఎత్తేశారు. తాగుడు వల్ల కూలిన కొంపలు ప్రతి ఊళ్ళోనూ ఉన్నాయి. అలాంటి చోట రమ్ము గురించి ముచ్చట్లేంటి అంటే, ఆ మాటని నేను కొట్టిపారెయ్యను. తాగనివాళ్ళు నా మాట విని మొదలుపెట్టాలని ఈ రాత ఉద్దేశం కాదు. మానేసినవాళ్ళ ముందు బాటిలు పెట్టడం అన్యాయం, అలాంటి ఇంట్లో మూడు గ్లాసులూ రమ్ము లేకుండానే చెయ్యండి. నేను మాట్లాడేది ఎలాగూ తోటలోకి వెళ్ళి మూత విప్పేవాళ్ళతో. చాటుగా, కొలత లేకుండా, గుటకలో తాగే పద్ధతే ఎక్కువ ప్రమాదం. అందరిముందూ కొలిచి, ఒక్క గ్లాసు, పక్కన అదే రుచితో రమ్ము లేని గ్లాసు. ఇలా చేస్తే ఎవరూ తోటలోకి పోనక్కర్లేదు.

మా ఇంట్లో మాత్రం పనిచేసింది. మొన్న సంక్రాంతికి మూగమనసులు గ్లాసులు రెండు జగ్గుల్లో కలిపి, ఎందులో ఏముందో చెప్పి అరుగు మీదే పెట్టాను. మా పెద్దమ్మ రమ్ము లేనిది తీసుకుని, ఒక గుక్క తాగి, "ఒరేయ్, ఆ పడవ పాట పెట్టరా" అంది. ఏ పడవ పాటో నేను చెప్పలేదు. ఇంతకన్నా గొప్ప టెస్టు కేసు నా కెరీర్లో పాసవ్వలేదు :)

మీకూ ఒక పాట ఉండే ఉంటుంది. అందులో పులుపెక్కడ, తీపెక్కడ, ఎంతసేపట్లో తాగాలి అని ఆలోచించండి. ముందు రమ్ము లేకుండా కలిపి ఇంట్లోవాళ్ళకివ్వండి. వాళ్ళు పాట పోల్చుకుంటే అప్పుడు మీ గ్లాసులో 30 మి.లీ. పోసుకోండి, బండి తాళాలు మాత్రం లోపల పెట్టేసి. పోల్చుకోలేకపోతే తప్పు రమ్ముది కాదు, పాటని ఇంకోసారి వినండి.