మాఫీ అనే మాట

వఫ్రాలో చలికాలం పంట కోతకొచ్చింది. జనవరి చివరి శుక్రవారం అక్కడొక మజరాకు వెళ్లాను. ఇక్కడ తోటను మజరా అంటారు. రాయచోటి, రాజంపేట, రైల్వే కోడూరు వైపు నుంచి వచ్చిన మనవాళ్లకు అది ఎప్పుడో సొంత మాట అయిపోయింది. కువైట్ సిటీకి దక్షిణంగా సుమారు వంద కిలోమీటర్లు వస్తే వఫ్రా, ఇంకాస్త పోతే సౌదీ సరిహద్దు. ఒక దిక్కున చమురు బావులు, ఇంకో దిక్కున గ్రీన్‌హౌస్‌లు. టమాటా డబ్బాలు సర్దుతున్న ఒకాయన నన్ను చూసి ఏ ఊరని అడిగాడు, టీ ఇచ్చాడు, తర్వాత అసలు సంగతికొచ్చాడు.

"అన్నా, వచ్చే నెల మాఫీ లిస్టులో మావోడి పేరు ఉంటాదా?"

మావోడంటే ఆయన చిన్నాయన కొడుకు. నాలుగేళ్లుగా సులైబియాలో, సెంట్రల్ జైల్లో ఉన్నాడు. శిక్ష ఎన్నేళ్లని అడిగితే ఈయన దగ్గర జవాబు లేదు. ఒకరు ఏడేళ్లన్నారట, ఇంకొకరు పదన్నారట. అరబీలో ఉన్న తీర్పు కాగితం ఫోటో ఫోనులో ఉంది కానీ చదివి చెప్పినవాళ్లు లేరు. కనుక్కుందామని ఒక ఆఫీసుకు పోయి మాఫీ గురించి అడిగితే, కౌంటర్లో మనిషి "మాఫీ" అని చెయ్యి ఊపి పంపేశాడట. గల్ఫ్ అరబీలో మాఫీ అంటే "లేదు" అని.

"ఆ మాట నాకు తెల్సులేన్నా. కానీ ఏది లేదో చెప్పల్య. లిస్టే లేదా, మావోడి పేరు లేదా?"

ఆ ప్రశ్న నన్ను ఇంకా వదల్లేదు.

కువైట్ రాజ్యాంగం 75వ అధికరణం అమీర్‌కు క్షమాభిక్ష పెట్టే అధికారం, శిక్ష తగ్గించే అధికారం ఇచ్చింది. ఫిబ్రవరి 25 జాతీయ దినం, 26 విమోచన దినం. ఆ పండుగ రోజుల్లో వచ్చే క్షమాభిక్ష కోసం మనవాళ్లు కళ్లల్లో వత్తులేసుకుని ఎదురుచూస్తారు. దాని విలువ తక్కువదని నేననను. 2017లో అమీర్ 15 మంది భారతీయుల మరణశిక్షను యావజ్జీవంగా మార్చారు, మరో 119 మంది శిక్ష తగ్గించారు. అప్పటి విదేశాంగ మంత్రి సుష్మా స్వరాజ్ ఆ కబురు దేశానికి చెప్పినప్పుడు ఎన్ని ఇళ్లలో దీపం వెలిగిందో ఊహించుకోవచ్చు. కానీ అది దయ. దయకు తేదీ అడగలేం, లెక్క అడగలేం.

మన జైళ్లలో కనీసం కాగితం మీద లెక్క ఉంది. 1894 నాటి జైళ్ల చట్టం రెమిషన్‌ను, అంటే శిక్ష తగ్గింపును, నిర్వచిస్తూ వాడిన మాట మార్కులు. ఖైదీకి మార్కులు ఇవ్వాలి, వాటిని బట్టి శిక్ష తగ్గాలి. ఈ ఆలోచన దూరం నుంచి వచ్చింది. 1840లో ఆస్ట్రేలియాకు అవతల నార్ఫోక్ దీవి జైలుకు అధికారిగా వెళ్లిన అలెగ్జాండర్ మకానొకీ, శిక్షను రోజుల్లో కాకుండా మార్కుల్లో కొలవాలన్నాడు. పని చేస్తే మార్కులు, మంచి నడవడికి మార్కులు, అన్నీ కూడితే విడుదల. అంతకు ముందే 1817లో న్యూయార్క్ రాష్ట్రం సత్ప్రవర్తనకు శిక్ష తగ్గించే చట్టం చేసింది. మన రాష్ట్రాల జైలు నియమాలు ఆ దారిలోనివే. నడవడికి ఇన్ని రోజులు, పనికి ఇన్ని రోజులు అని రెమిషన్ జమ అవుతుంది, ఖైదీ రికార్డులోకి ఎక్కుతుంది. తనకెన్ని రోజులు తగ్గాయో అడిగే వీలు ఖైదీకి ఉంటుంది.

యావజ్జీవ ఖైదీల సంగతి వేరు. యావజ్జీవమంటే బతికున్నంత కాలమేనని సుప్రీంకోర్టు 1961లోనే తేల్చింది. జమైన రోజులు ఎన్నున్నా ప్రభుత్వం ఉత్తర్వు ఇస్తేనే వాళ్లకు విడుదల. మరణశిక్షకూ అవకాశమున్న నేరంలో యావజ్జీవం పడితే 14 ఏళ్లు లోపల గడపాల్సిందేనని 1978లో చేర్చిన నియమం ఇప్పుడు భారతీయ నాగరిక సురక్షా సంహిత 475వ సెక్షన్‌లో ఉంది. ప్రభుత్వాల చేతిలోని ఈ శిక్ష తగ్గించే అధికారం పక్కదారి పట్టడం కూడా చూశాం. ఏపూరు సుధాకర్ కేసులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గవర్నర్ ఇచ్చిన శిక్ష తగ్గింపును 2006లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఖైదీ ఏ పార్టీ మనిషన్నది క్షమాభిక్షకు కారణం కాకూడదంది. 2024 జనవరిలో బిల్కిస్ బానో కేసు దోషుల విడుదలనూ రద్దు చేసింది. ఈ కట్టుబాట్లు ఉండాల్సిందే. బిడ్డను పోగొట్టుకున్న తల్లికి కూడా ఒక లెక్క ఉంటుంది. కట్టుబాట్లున్నా విడుదలలు ఆగలేదు, అదే ఏడాది జూలైలో తెలంగాణ ప్రభుత్వం 213 మంది ఖైదీలను విడుదల చేసింది. ఎక్కువమంది యావజ్జీవం పడినవాళ్లే.

నాకు అన్నిటికన్నా పెద్దదిగా కనిపించేది 2025 ఫిబ్రవరి 18న సుప్రీంకోర్టు చెప్పిన మాట. రెమిషన్ విధానం ఉన్న రాష్ట్రం, ఖైదీ అర్జీ పెట్టుకోకపోయినా, అర్హత వచ్చిన ప్రతి ఒక్కరి కేసూ తనంతట తానే పరిశీలించాలి. కాదంటే ఎందుకు కాదో కారణం రాయాలి, ఆ కారణం ఖైదీకి తెలియజేయాలి. చదువు రానివాడికి, వకీలు లేనివాడికి ఇంతకన్నా మేలు చేసిన తీర్పులు అరుదు.

ఆ మేలు సులైబియా దాకా రాదు. పరాయి దేశపు ఖైదీ అన్నిచోట్లా వరస చివరే. అమెరికాలో 2018 ఫస్ట్ స్టెప్ చట్టం ఖైదీలకు శిక్ష తగ్గించుకునే క్రెడిట్లు ఇచ్చింది కానీ, దేశం విడిచి పొమ్మని తుది ఉత్తర్వు ఉన్న విదేశీయులు వాటిని వాడుకోలేరు.

మనవాళ్లకు ఒక దారి ఉంది. 2003లో మన పార్లమెంటు ఖైదీల స్వదేశ తరలింపు చట్టం చేసింది. 2013లో భారత్, కువైట్ శిక్షపడిన ఖైదీల బదిలీ ఒప్పందం మీద సంతకాలు చేశాయి. ఇలాంటి ఒప్పందాల్లో మామూలుగా ఉండే షరతులు ఇవి: తీర్పు అంతిమం కావాలి, వేరే కేసు పెండింగులో ఉండకూడదు, ఆ పని రెండు దేశాల్లోనూ నేరమై ఉండాలి, ఖైదీ ఒప్పుకోవాలి, రెండు ప్రభుత్వాలూ ఒప్పుకోవాలి, కనీసం ఆరు నెలల శిక్ష మిగిలుండాలి. వచ్చాక మిగిలిన శిక్ష మన జైలు నియమాల ప్రకారం సాగుతుంది. కడప జైల్లో ఉంటే తల్లి నెలకోసారైనా ములాఖత్‌కు పోగలదు.

ఆ ఆరు నెలల షరతును మళ్లీ ఒకసారి చదవండి. ఫైలు కువైట్‌లో ఒక బల్ల నుంచి ఢిల్లీలో ఇంకో బల్లకూ, అక్కణ్ణుంచి అమరావతికీ తిరుగుతుంటే శిక్ష కరిగిపోతుంది. ఆలస్యమే అర్హతను మింగేస్తుంది.

2025లో విదేశాంగ శాఖ పార్లమెంటుకు చెప్పిన లెక్కలో కువైట్ జైళ్లలోని భారతీయులు 387 మంది. అందులో మన రెండు రాష్ట్రాల వాళ్లు ఒక నోటుబుక్కులో పడతారు. ఆ నోటుబుక్కు తెరవమనే నేనడుగుతున్నాను. కేసు ఏమిటి, శిక్ష ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ముగుస్తుంది, బదిలీకి అర్జీ పెట్టే గడువెంత, తీర్పుకు తెలుగు అనువాదం ఇంటికి చేరిందా. ప్రవాసుల కోసం ఆంధ్రప్రదేశ్‌కు ఏపీఎన్ఆర్‌టీ ఉంది, తెలంగాణకు ఎన్ఆర్ఐ విభాగం ఉంది. శవపేటికలు తెప్పించే పని వాళ్లు చేస్తున్నారు. బతికున్నవాడి రోజులు లెక్కపెట్టే పనీ వాళ్లే తీసుకోవాలి. సొంత జైళ్లలో అర్జీ లేకుండానే పరిశీలించాల్సిన రాష్ట్రం, పరాయి జైల్లో ఉన్న తన మనిషి ముందు అర్జీ పెట్టుకోవాలని ఎదురుచూడటం సరికాదు.

ఆ సాయంత్రం తీర్పు ఫోటోను అరబీ బాగా తెలిసిన మిత్రుడికి పంపాను. ఎనిమిదింటికి జవాబొచ్చింది. ఏడేళ్లు. వెంటనే వఫ్రాకు ఫోన్ చేశాను.

"ఏడేనా? పది గాదు గదా? బాగ జూసినాడా ఆయన?"

బాగా చూశాడని చెప్పాను. ఇంకా దాదాపు మూడేళ్లుంది కాబట్టి బదిలీకి అర్జీ పెట్టొచ్చనీ, ఆదివారం ఎంబసీ తెరిచాక ఇద్దరం కలిసి పోదామనీ అన్నాను. ఆ మాటలు ఆయన విన్నాడో లేదో.

"ఊర్లో ఇప్పుడు పదిన్నర అయింటాదన్నా. మా చిన్నమ్మ ఇంగా పండుకోని ఉండదు. ఫోన్ జేస్తా" అని పెట్టేశాడు.