పాటా – మాటా: అర్ధరాత్రి రైలు

"వచ్చే ఏడు వెళ్ళిపోతామండీ" అన్న మాట మనలో ఎవరు అనలేదు? మా మిత్రులొకరు ఇరవై ఏళ్ళుగా అంటున్నారు. మొన్న వారింట భోజనాలయ్యాక ఆ మాట మళ్ళీ వచ్చింది. వెంటనే వాళ్ళమ్మాయి నవ్వుతూ ఒక పాట పెట్టి, "అంకుల్, ఇది మా నాన్న ఎక్కని రైలు" అంది.

ఆ పాట "మిడ్‌నైట్ ట్రెయిన్ టు జార్జియా". గ్లాడిస్ నైట్, పిప్స్ బృందం పాడగా 1973 అక్టోబరులో దేశమంతటా మొదటి స్థానానికి చేరింది. మరుసటి ఏడు గ్రామీ బహుమతి కూడా అందుకుంది. పెద్ద తార కావాలని లాస్ ఏంజిలిస్ వచ్చినవాడు, కల ఫలించక, కారు కూడా అమ్ముకుని సొంత ఊరికి తిరిగి వెళుతున్నాడు. అతన్ని ప్రేమించిన స్త్రీ తన లోకాన్ని వదిలి వెంట బయలుదేరుతోంది. కథ ఇంతే.

తమాషా ఏమిటంటే, మొదట ఇందులో రైలూ లేదు, జార్జియా లేదు! రచయిత జిమ్ వెదర్లీ మిసిసిపీవాడు. ఒకరోజు నటుడైన మిత్రుడు లీ మేజర్స్‌కు ఫోను చేస్తే ఫారా ఫాసెట్ ఎత్తి, తనవాళ్ళను చూడడానికి హ్యూస్టన్ వెళ్ళే అర్ధరాత్రి విమానానికి పెట్టె సర్దుకుంటున్నానని చెప్పిందట. ఆ మాటే పల్లవి అయింది. "మిడ్‌నైట్ ప్లేన్ టు హ్యూస్టన్" అని ఆయనే ముందు పాడుకున్నాడు.

తర్వాత పాట సిస్సీ హ్యూస్టన్ చేతికి వచ్చింది. విట్నీ హ్యూస్టన్ తల్లి ఈవిడే. తనవాళ్ళది జార్జియా అనీ, వాళ్ళు హ్యూస్టన్‌కు విమానాలెక్కేవారు కాదు, రైళ్ళెక్కేవారనీ ఆమె అభ్యంతరం. రచయిత ఒప్పుకున్నాడు. రెండు మాటలు మారేసరికి పాట బరువే మారిపోయింది. 1910 నుంచి 1970 దాకా దాదాపు అరవై లక్షల మంది నల్లజాతివారు దక్షిణాదిని వదిలి ఉత్తరానికీ, పడమరకూ వలస వచ్చారు. ఎందరినో తెచ్చింది రైలే. ఆ రైలే ఇప్పుడు వెనక్కి తీసుకుపోతోందంటే వినేవాళ్ళ గుండె కలుక్కుమనదూ?

గ్లాడిస్ నైట్ పుట్టిందే జార్జియాలోని అట్లాంటాలో. పిప్స్ అంటే ఆమె అన్నయ్యా, ఇద్దరు దాయాదులూ. మన బుర్రకథలో వంతల్లాగా వీరు ఊరికే ఊకొట్టరు. ఆమె చెబితే ప్రశ్నిస్తారు, సమర్థిస్తారు, మధ్యలో రైలు కూత కూస్తారు. చివర అప్పటికప్పుడు అల్లే పలుకులు ఆమెకు అలవాటు లేకపోతే, అన్నయ్యే హెడ్‌ఫోనులో అందించాడట. ఆ తర్వాత ఎందరో పాడారు. నీల్ డైమండ్ 2010లో పాడాడు. గొంతు మంచిదే గాని, వంతలు లేని బుర్రకథలా మాకు వెలితిగా తోచింది. సిస్సీ పాడినది మాత్రం నిదానంగా, ప్రార్థనలా ఉంటుంది. రెండూ వినదగినవే.

ఇంతవరకూ చెప్పి మేము "నిజానికి లాస్ ఏంజిలిస్ నుంచి అట్లాంటాకి నేటికీ ఒకే రైలు లేదు, న్యూ ఆర్లియన్స్‌లో మారాలి" అని మా పాండిత్యం ప్రదర్శించాము. అందరూ నవ్వారు. మిత్రుని భార్య నవ్వలేదు.

"చూడండి అన్నయ్యగారూ, వెళ్ళేది అతను. పాడేది ఆవిడ. తన లోకం వదిలి వస్తానంటోంది సరే, వస్తావా అని అతను అడిగినట్టు పాటలో ఎక్కడైనా ఉందా?" అన్నారు.

మాకు జవాబు తోచలేదు. ఆవిడ ఉద్యోగం ఇక్కడ. పిల్ల పుట్టింది ఇక్కడ. ఇరవై ఏళ్ళుగా "వెళ్ళిపోతాం" అన్న బహువచనంలో ఆవిడ ఉన్నారో లేదో ఎవరమూ అడగలేదు, మాతో సహా.

మిత్రులు కాసేపు ఊరుకుని, "పోనీ, ఇప్పుడు అడుగుతున్నాను" అన్నారు. "ఇప్పుడా? గిన్నెలు తోమాక చెబుతాను" అన్నారావిడ. ఆయన లేచి చేతులు మడిచి సింకు దగ్గరకు నడిచారు.

జవాబేమిటో మాకింకా తెలియదు. పాఠకులు ముందు సిస్సీనీ, తర్వాత గ్లాడిస్‌నీ ఒక సాయంత్రం వరుసగా వినాలని మా మనవి. వింటూ, పక్కనున్నవారిని ఒక మాట అడగండి.