బొమ్మకు వైద్యుడేడి?

పి.టి.రెడ్డి 1996లో పోయారు. కాపు రాజయ్య, కొండపల్లి శేషగిరిరావు ఇద్దరూ 2012లోనే. సంతాప సభలు పెట్టుకున్నాం, దండలు వేశాం. వాళ్లు గీసిన బొమ్మల బాగోగులు ఎవరు చూస్తున్నారని మాత్రం మనలో ఎంతమందిమి అడిగాం?

బొమ్మకూ జబ్బు చేస్తుంది. కాన్వాస్ అంటే బట్టే కదా. దానికి పట్టించిన సరేసు వానకాలం తేమ పీల్చి ఉబ్బుతుంది, ఎండాకాలం బిగుస్తుంది. కింది బట్ట కదిలినట్టు పైనున్న పాత రంగు కదలలేదు. పగిలి పెచ్చులుగా లేస్తుంది. వార్నిష్ ఏళ్లు గడిచేకొద్దీ పసుపెక్కి, నీలాన్ని ఆకుపచ్చగా చూపుతుంది. వెనుక బూజు సరేసరి.

అప్పుడు మన దగ్గర జరిగేదేమిటి? అటెండర్ తడిబట్టతో తుడుస్తాడు. కాదంటే సైన్‌బోర్డులు రాసే ఆర్టిస్టును పిలిచి రంగు వేయిస్తారు. తప్పు వాళ్లది కాదు, చేయించిన సార్లది. బొమ్మ కొత్తగా మెరుస్తుంది, చిత్రకారుడి చేయి దాని కింద సమాధి అవుతుంది.

కన్జర్వేటర్ పని వేరు. ముందు ఏ మూలనో అగ్గిపుల్ల తలంత చోట దూదితో ద్రావకాన్ని పరీక్షిస్తాడు. లేచిన పెచ్చును జిగురుతో తిరిగి కూర్చోబెడతాడు. రంగు రాలిన చోట, అంతవరకే, రేపు మరొకరు తీసేయగలిగే రంగు వేస్తాడు. దీనికి కెమిస్ట్రీ రావాలి, చేయి నిలకడగా ఉండాలి, కళాచరిత్ర తెలియాలి. ఆరు వారాల వర్క్‌షాపుతో సర్టిఫికెట్ వస్తుంది గానీ పని రాదు.

చేర్యాల పటానిది ఇంకో గోస. ఖద్దరు మీద సుద్ద, గంజి, చింతగింజల జిగురు పట్టించి గీసింది అది. చుట్టి విప్పినప్పుడల్లా పొర చిట్లుతుంది. ఆయిల్ పెయింటింగ్‌కు నేర్చిన వైద్యం యథాతథంగా దానికి పనికిరాదు. అక్కడ నకాషీలనే గురువులుగా కూర్చోబెట్టాలి.

కేంద్రం 1976లో పరిరక్షణ పరిశోధనశాలను లక్నోలో పెట్టింది. సాలార్‌జంగ్ మ్యూజియంలో రవివర్మ తైలవర్ణ చిత్రాలున్నాయి, లాబొరేటరీ ఉంది. రాష్ట్రం 2014లోనే వచ్చింది. నెపం వేయడానికి ఇప్పుడు పరాయి పాలకులు లేరు. ఫైన్ ఆర్ట్స్ కాలేజీ, ఉస్మానియా కెమిస్ట్రీ విభాగం, సాలార్‌జంగ్ లాబొరేటరీ మూడూ కలిసి రెండేళ్ల కోర్సు నడపాలని మేం అడుగుతున్నాం. ఏటా పదిమంది చాలు. చదివినవాళ్లకు కొలువూ ఉండాలి, ప్రతి ప్రభుత్వ మ్యూజియంలో కన్జర్వేటర్ పోస్టు మంజూరు చేయాలి. లేకుంటే మన పిల్లలు ఇక్కడ నేర్చి ఢిల్లీ పోతారు.

కోర్సుకు టైం పడుతుందంటారా? సరే. ప్రభుత్వ ఆఫీసుల్లో, గెస్ట్‌హౌసుల్లో ఎన్ని బొమ్మలున్నాయో, ఏ గోడకు ఏ స్థితిలో వేలాడుతున్నాయో లెక్క రాయించడానికి కోర్సు అక్కర్లేదు. అది వచ్చే వానకాలం లోపే కావాలి.