ఆ ‘ప్లస్ వన్’ను కళ్లతో చూశారా?

అశోక్‌నగర్‌లో గేట్‌కు సిద్ధమవుతున్న ఈసీఈ మిత్రులారా, ఓ ప్రశ్న. ట్రాన్స్‌మిషన్ లైన్ చివర ఓపెన్‌గా ఉంటే రిఫ్లెక్షన్ కోఎఫిషియంట్ ఎంత? ‘ప్లస్ వన్’ అని టక్కున చెప్పేస్తారు. సరే, క్లాక్ ఒక్క మెగాహెర్ట్జే. అయినా కౌంటర్ ఒక పల్స్‌కు రెండు లెక్కపెడుతోంది. ఎందుకు?

ఫైనలియర్ ప్రాజెక్టులో నన్ను వారం రోజులు తిప్పలు పెట్టిన సమస్య ఇది. ఐసీలు మార్చాను, పవర్ సప్లై మార్చాను. చివరికి తేలిందేంటంటే, తప్పు 30 సెంటీమీటర్ల తీగది!

చూడాల్సింది క్లాక్ వేగం కాదు, సిగ్నల్ సున్నా నుంచి ఒకటికి ఎగబాకే వేగం. 74ఏసీ రకం ఐసీల్లో దానికి పట్టేది ఒకటి రెండు నానోసెకన్లే. తీగలో సిగ్నల్ నానోసెకనుకు దాదాపు 20 సెంటీమీటర్లు వెళ్తుంది. అంటే ఆ తీగ చివరిదాకా వెళ్లి తిరిగి రావడానికి 3 నానోసెకన్లు. ఈలోగా సిగ్నల్ ఎగబాకడం అయిపోతుంది. ఇక అల అటూ ఇటూ కొట్టుకుంటుంది. ఆ ఊగిసలాటనే కౌంటర్ ఇంకో పల్స్ అనుకుంటుంది.

మందు చిన్నదే. సిగ్నల్ తీగను గ్రౌండ్ తీగతో మెలేస్తే ఇంపెడెన్స్ సుమారు 100 ఓమ్‌లు. డ్రైవర్‌ది 20 అనుకుంటే, దాని అవుట్‌పుట్ పక్కనే 82 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టాలి. సగం వోల్టేజీ బయల్దేరుతుంది, ఓపెన్ చివర రెట్టింపై పూర్తి వోల్టేజీ అవుతుంది. వెనక్కొచ్చిన అల రెసిస్టర్ దగ్గర ఆగిపోతుంది. మీ ‘ప్లస్ వన్’ చేసే పని ఇదే.

మన చదువులో లోపం ఎక్కడంటే, ఈ సూత్రం ఎలక్ట్రోమాగ్నెటిక్స్ పేపర్లో ఉంటుంది, కౌంటర్ డిజిటల్ ల్యాబ్‌లో ఉంటుంది. రెండూ కలవవు. కానీ ఉద్యోగంలో రెండూ ఒకే బోర్డు మీద ఎదురవుతాయి. డీడీఆర్ మెమరీల్లోనైతే టర్మినేషన్ రెసిస్టర్లను చిప్ లోపలే పెడుతున్నారు. కాలేజీలు ఈ ఒక్క ప్రయోగాన్నైనా ల్యాబ్‌లో చేర్చాలి.

అప్పటిదాకా ఆగక్కర్లేదు. ఓ సాయంత్రం కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లండి. ఒక 74ఏసీ14, కొన్ని రెసిస్టర్లు, 3 మీటర్ల జంట తీగ తెచ్చుకోండి. తీగ అంత పొడవుంటే వెళ్లి రావడానికి 30 నానోసెకన్లు పడుతుంది కాబట్టి, కాలేజీలోని మామూలు ఆసిల్లోస్కోప్‌లోనూ ఊగిసలాట కనిపిస్తుంది. రెసిస్టర్ పెట్టి చూడండి, తీసి చూడండి. గేట్‌లో ఆ మార్కులు ఎలాగూ వస్తాయి. ఇంటర్వ్యూలో ‘ఎందుకు’ అని అడిగితే చెప్పగలిగేది మాత్రం చేసి చూసినవాళ్లే.